పళ్లిపట్టిలో పాఠకుణ్ణి పట్టడం ఎలా?

మీరు తెలుగులో రాస్తారు. ఉండేది తమిళనాడులో ధర్మపురి జిల్లా, పాప్పిరెడ్డిపట్టి తాలూకా, ఏ. పళ్లిపట్టి. మీ వెనక ప్రచురణకర్త లేడు, పత్రిక లేదు, బావమరిది సంపాదకుడు కాడు. అయినా మీకు సహృదయ పాఠకులు కావాలి. కంగారు పడకండి. కింద చెప్పినవి తు.చ. తప్పకుండా పాటిస్తే మీరు సఫల రచయిత కావడం ఖాయం. పాఠకులు దొరుకుతారా అంటే, అది వేరే సంగతి.

మొట్టమొదట, మీ జిల్లా పాత చరిత్ర జోలికి పోకండి. ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగం కాలంలో దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి, తింటే ఆయుష్షు పెరిగే ఉసిరికాయ దొరికితే తను తినకుండా కవయిత్రి అవ్వైయార్ చేతిలో పెట్టాడని తమిళ పిల్లలందరూ చదువుకుంటారు. ఇంతవరకు బాగానే ఉంది, సన్మాన సభలో చెప్పుకోవడానికి పనికొస్తుంది. చిక్కంతా పెరుంజిత్తిరనార్ అనే ఇంకో కవితో వచ్చింది. కొండలు దాటి వచ్చిన ఆయన్ని రాజు ఎదురుపడి చూడకుండానే కానుక పంపించాడట. కవి పుచ్చుకోలేదు. సంగం పాటల సంకలనం పురనానూరులో 208వ పాట ఆ సంగతే. నేను వ్యాపారం చేసుకోవడానికి రాలేదు, నా విద్య ఏపాటిదో చూసి ఇస్తే కొర్రగింజంతైనా చాలు అని దాని సారాంశం. ఇలాంటి మనిషిని ఆదర్శంగా పెట్టుకున్నారా, మీ బీరువాలో ఒక్క శాలువా మిగలదు. మనకు కప్పే శాలువాల్లో పుస్తకం తెరిచి చూశాక కప్పినవి ఎన్ని?

ఇక అచ్చు. కళ్లు మూసుకుని 500 కాపీలు వేయించండి. ఆఫ్‌సెట్‌లో 50 వేసినా 500 వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే కాబట్టి ఎక్కువ వేస్తే కాపీకి పడే ఖర్చు తగ్గుతుందని ప్రెస్సాయన చెబుతాడు. ఆ మాట నిజమే. అటక ఎంత వెడల్పో ఆయన అడగడు, మీరూ కొలవకండి. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో కాపీ అచ్చువేసే పద్ధతి ఇప్పుడు వచ్చింది. దాని దరిదాపులకు పోవద్దు. ఎంతమంది అడిగారో లెక్క తేలిపోతుంది.

ముందుమాటలు మూడైనా ఉండాలి. రాసినవాళ్లు పుస్తకం చదవాలన్న నియమం ఏమీ లేదు.

ధర మాత్రం దిట్టంగా పెట్టి, ఆ తర్వాత ఊరికే పంచిపెట్టండి. రంగనాయకమ్మగారిని అనుకరించకండి. ఆవిడ స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ అని సొంతంగా పెట్టుకుని, లావుపాటి పుస్తకాలకు కూడా వీలైనంత తక్కువ ధర వేసి, దశాబ్దాలుగా కొనిపిస్తున్నారు. కొన్నవాడు చదువుతాడు. చదివినవాడు పోట్లాటకు వస్తాడు. ఆవిడ ‘రామాయణ విషవృక్షం’ మీద ఎన్ని వాదాలు, ఎన్ని తిట్లు! ఉచితంగా పుచ్చుకున్నవాడు ఏనాడైనా రచయితను తిట్టాడా? ‘అందింది, తీరిగ్గా చదువుతాను’ అంటాడు. మర్యాదస్తుడు.

అయినా మీకు పాఠకులు లేరని ఎవరన్నా అంటే చట్టం చూపించండి. 1954 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం పుస్తకం వేసినవాళ్లు 30 రోజుల్లోగా, సొంత ఖర్చుతో, కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై కన్నెమరాతో కలిపి మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి చొప్పున పంపాలి. అంటే, దేశం మిమ్మల్ని నాలుగు చోట్ల దాచిపెట్టుకుంటుంది. పంపకపోతే వేయగల జరిమానా 50 రూపాయల దాకా, దానిపైన పుస్తకం వెల. మీ పుస్తకం వెల ఎంతో తేల్చి చెప్పగలిగేది ఆ జరిమానా వేసే మేజిస్ట్రేటు ఒక్కడే అనుకుంటాను.

పోస్టాఫీసు కూడా మన పక్షానే ఉంది. పుస్తకాలు పంపేవాళ్లు ఏళ్లతరబడి నమ్ముకున్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు వంద. ఈ లెక్కన ఒక్క పాఠకుడికి ఒక్క పుస్తకం పంపడం దండగ. ఒకే మనిషికి అయిదు కిలోలు పంపండి.

ఇప్పుడు అసలు కష్టం. మీ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు లేకపోలేదు. తెలుగు చదవగలిగే ఇళ్లే తక్కువ. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2016లో పదో తరగతి రాశారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫోన్లో రెండూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో. వీళ్లను మీరు పాఠకులుగా పరిగణించనక్కర లేదు. పాఠకుడంటే మన అక్షరమాల వచ్చినవాడు, అంతే. ఇంట్లో తెలుగు మాట్లాడిన తమిళ రచయిత కి. రాజనారాయణన్‌కి ఈ పట్టింపు లేకపోయింది. తెలుగువాళ్లు కరిసల్ (నల్లరేగడి) నేలకు వలస వచ్చిన కథను ఆయన తమిళంలో, అదీ పల్లె యాసలో రాసేశాడు. 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్నాడు, 2021లో పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపించుకున్నాడు. ఆ దారి మీకొద్దు. మీరు స్వచ్ఛమైన తెలుగులోనే రాసి, అర్థం చేసుకోలేదని వాళ్ల మీద వ్యాసం రాయండి. ఆ వ్యాసం పదిమందీ మెచ్చుకుంటారు.

చివరగా ఒక హెచ్చరిక. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ముసలామె, ఏ బొమ్మిడి స్టేషన్లోనో మీ సంచిలోని పుస్తకం చూసి, ‘తెలుగా నాయనా? నాకు చదవను రాదు, రవంత చదివి వినిపించు’ అంటుంది. వెంటనే రైలు వచ్చిందని చెప్పి లేచిపోండి. కూర్చున్నారో, రెండో పేజీ దాటకముందే చేయి అడ్డం పెట్టి ‘ఈ మాట మనవాళ్లు అట్ల అనరు, ఇంకోలా అంటారు’ అంటుంది. మూడో పేజీలో మీరు కష్టపడి పెట్టిన ఉపమానానికి నవ్వదు, అసలు మీరు నవ్వించాలనుకోని చోట నవ్వుతుంది. ‘ఆ పిల్ల ఏమైంది మళ్ల?’ అని అడుగుతుంది. ఆ పిల్ల ఏమైందో మీరు రాయలేదు. ఆమె పుస్తకం కొనదు, సమీక్ష రాయదు, ఏ లెక్కలోకీ రాదు. పైగా ఇంటికెళ్లాక ఆ కథ మీరు మళ్లీ మొదటినుంచీ రాయాల్సి వస్తుంది. అటక మీద ఇంకా 460 కాపీలున్నాయి, అవన్నీ పాత కథతోనే అచ్చయి ఉన్నాయి.