మనిషి లేని ఫొటో

అండమాను దీవుల యొడ్డున ఏఱిన గవ్వను గాని పగడపు తునకను గాని వెంట తెచ్చుకొనుట నిషిద్ధము. కావున, పోయివచ్చిన సంగతిని బంధువర్గమునకు ఋజువు చేయదలచిన యాత్రికునకు ఛాయాచిత్రము తప్ప గత్యంతరము లేదు. ఈ నిషేధమునందలి ఔచిత్యమును గ్రహించినవాడనై, మెడకొక కెమెరా తగిలించుకొని, విశాఖపట్టణమున విమానమెక్కుచుండగనే నేను కళాకారుడనైతిని.

అయితే మా యింట ఈ కళను గూర్చి నాకంటె ముందే స్థిరపడిన సిద్ధాంతమొకటి కలదు. "మనిషి లేనిది ఫొటో ఎలా అవుతుందండీ? మనం తీశామని ఎవరు నమ్ముతారు? క్యాలెండరులోంచి చింపారనుకుంటారు" అని మా ఆవిడ వాదము. ఆకాశము, సముద్రము, కొబ్బరిచెట్టు అనునవి ఆమె మతమున మనిషి వెనుక నిలుచుటకై సృష్టింపబడిన పదార్థములు. నిర్జన దృశ్యమునందే రససిద్ధి కలదని నమ్మిన నాకును ఆమెకును యాత్ర పొడవునను సంధి కుదరలేదు.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిరులో మా కారు నడిపిన కుఱ్ఱవాని తాతగారు సిక్కోలు వైపునుండి వలస వచ్చినవారు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాట్లాడువారే యగుటచే, కళావిషయమున మాతృభాషలో చీవాట్లు తినుటకు అక్కడ ఏ లోటును లేదు. 2021 వఱకు మౌంట్ హారియెట్ అని పిలువబడి, నేడు మౌంట్ మణిపుర్ అయిన కొండకు పోవు దారిలో అతడు కారు నిలిపినాడు. ఎదుట నార్త్ బే తీరము, కొబ్బరితోపు, కొనయందు దీపస్తంభము. పాత ఎఱ్ఱ 20 రూపాయల నోటు వెనుకనున్న బొమ్మ ఇదియే. వచ్చిన ప్రతి యాత్రికుడును జేబు తడిమి ఆ నోటు తీసి, దృశ్యమునకు ప్రక్కగా పట్టి, రెంటిని కలిపి ఫొటో తీయుచున్నాడు. కొత్తిమీరకును కరివేపాకునకును ఏండ్ల తరబడి ఈ మహాదృశ్యమును మడతలు పెట్టి ధారపోసిన నాకు, దానిని సొంతముగా పునస్సృష్టింపవలెనను ఆవేశము కలిగి, ఎడమకు వంగి, కుడికి ఒఱిగి, తుదకొక బండఱాయి నెక్కి గుఱి చూచుచుండగా, మా సారథి, "ఏటి బాబూ, నోటుమీదున్నదే గదా, మళ్లీ కొత్తగా తీసేదేటుంది?" అనెను. నేను బండ దిగితిని.

సూర్యాస్తమయమును పట్టుదమన్నచో అక్కడి సూర్యునకు మన గడియారముపై గౌరవము లేదు. భారతదేశపు కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి నడచుచుండ, ఈ దీవులు దానికి సుమారు 10 డిగ్రీలు ఆవల నుండుటచే, ఆయన దాదాపు 40 నిమిషములు ముందుగనే కొలువు చాలించుకొని పోవును. శీతకాలమున స్వరాజ్ ద్వీపమునందలి రాధానగర్ తీరమున, భోజనానంతరము కునుకు తీయుట జన్మహక్కుగా భావించు ఆంధ్రుడు లేచి, మొగము కడిగి, టీ త్రాగి వచ్చుసరికి సముద్రము నల్లబడియుండును. కునుకు మానుకొన్నను విఘ్నము తప్పదు. ఏసీ గదిలో చల్లబడిన కటకము బయటి ఉక్కకు రాగానే చెమ్మపట్టి, ఎంత తుడిచినను మరల మసకబాఱును. అది తనంతట తాను వెచ్చబడువఱకు గుడ్డపీలిక చేతబట్టి వరండాలో కూర్చుండవలసినదే.

సెల్యులార్ జైలులో ఉరికంబము ప్రక్కన చిఱునవ్వుతో ఫొటో దిగువారిని గూర్చి వ్రాయుటకు ఇది హాస్యవ్యాసము కాకుండవలెను.

బారాటాంగ్ పోవు దారి జారవా ఆదివాసుల అడవిగుండ పోవును. జిర్కాటాంగ్ వద్ద వాహనముల నెల్ల వరుస కట్టించి రక్షకభటుల వెంట పంపుదురు. దారిలో ఆగరాదు, ఫొటో తీయరాదు. 1890 ప్రాంతములలో పోర్ట్‌మన్ అను దొర ఈ దీవుల ఆదివాసులను నలుపు తెలుపు గళ్ల తెర ముందు నిలువబెట్టి ఫొటోలు తీసి, ఆల్బములు కట్టి బ్రిటిష్ మ్యూజియమునకు పంపెను. ఆ గళ్ల తెర నేటికిని పలువురు యాత్రికుల కండ్ల వెనుక వ్రేలాడుచునే యున్నదని నా యనుమానము. కావున ఈ నిషేధము నాకు నచ్చినది. కెమెరా సంచిలో పరుండగా నా కండ్లు చాలకాలమునకు సొంత ఉద్యోగములో చేరినవి.

నాకు నిజముగా తృప్తి లభించినది రాస్ ద్వీపమున. 1858 మొదలు ఎనుబదేండ్లకు పైగా తెల్లదొరల పాలనాకేంద్రమై, చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాలలతో వెలసిన ఈ చిన్న దీవి, ఇప్పుడు నేతాజీ పేర, జింకలకును నెమళ్లకును నిలయమై యున్నది. కప్పులు పోయినవి, గోడలను మాత్రము చెట్లవేళ్లు పట్టుకొని నిలిపినవి. ఒక కిటికీయొద్ద వేరు చౌకట్టు వెంట నిలువుగా దిగి, మూలకు రాగానే కొలిచినట్లు వంగి, అడుగుకమ్మి మీదుగా సాగినది. కొయ్య చౌకట్టు ఏనాడో చివికిపోగా, దాని కొలతలు వేరునకు జ్ఞాపకమున్నవి. ఆకుల సందుల వెలుగు ఆ వంపుమీద పడు క్షణమునకై నేను మోకాళ్లపై వంగి నిరీక్షించుచుండగా, దారిన పోవు పెద్దాయన యొకడు ఆగి, "ఏం పడిపోయిందండీ?" అని అడిగెను. నేను ఊపిరి బిగబట్టి యుండుటచే పలుకలేదు. మౌనమును దుఃఖముగా భావించి ఆయన కూడ మోకాళ్లపై వంగి వేళ్లసందున తడుమసాగెను. ఆయన భార్య చెప్పులు విడిచి కూర్చుండెను. వారి మనుమరాలు సెల్‌ఫోను దీపము వెలిగించెను. "గోడ ఫొటో తీయడానికి ఇంతదూరం రావాలా, మన వీధిలో గోడల్లేవా" అని అంతవఱకు విసుగుకొనుచున్న మా ఆవిడ కూడ కంగారుపడి, తన చెవులు తడిమి చూచుకొనెను. ఆ క్షణముననే వెలుగు పడినది. నేను మీట నొక్కితిని.

ఆ చిత్రములో కిటికీ, వేరు, వెలుగు, వీనితోపాటు క్రిందిమూలలో ముడుతలు పడిన పెద్దాయన చేయి పడినది. నా నిర్జన సౌందర్యసిద్ధాంతము అచ్చటితో భగ్నమైనది. కాని ఎన్నిమార్లు చూచినను ఆ చేయి లేనిదే ఆ వేరునకు అందము లేదని తోచుచున్నది. మా ఆవిడ మాత్రము ఒప్పుకొనలేదు. మనిషి యనగా ఆమె లెక్కలో మన మనిషి.

ఇంటికి వచ్చిన పిదప బంధువులందఱు ఆ చిత్రమును చూచి, "మీరెక్కడున్నారు?" అని ప్రశ్నించి తరువాతి దానికి పోయిరి. చిన్నత్తగారొక్కతె కండ్లజోడు సవరించుకొని, చాలసేపు పరికించి, "పాపం, ఉంగరం దొరికిందా బాబూ?" అని అడిగినది.

దొరికినదనియే చెప్పితిని.