పితూరి ఎవరి మీద చెప్పను?

మా రోజుల్లో చేతిలో టీ గ్లాసు చూస్తే మనిషి హోదా తెలిసిపోయేది. ఇప్పుడు అందరికీ ఒకటే కాగితం కప్పు, అందరికీ ఒకటే గెడ్డం. ఎవడు ఇంజినీరో, ఎవడు హెల్పరో, ఎవడు మంచు చూసిపోదామని వచ్చిన టూరిస్టో పోల్చుకోలేక చస్తున్నాను. ఎందుకొచ్చిన గొడవని అందరినీ సార్ అనేస్తున్నాను. మొన్న మేకలు కాసే గుంటణ్ణి కూడా అనేశాను. వాడు వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూసుకున్నాడు.

సీలేరులో బస్సు ఆగేచోట మాది పాత కొట్టు. పవర్‌హౌస్ కడుతున్న రోజుల్లో మా నాన్న నర్సీపట్నం వైపు నుంచి మట్టి మోయడానికి వచ్చాడు. మోత కన్నా టీ కాయడం తేలికని త్వరగానే కనిపెట్టి, ఇక్కడే పొయ్యి పెట్టాడు. 1967లో మొదటి యూనిట్టు తిరిగేనాటికి నాకు పన్నెండేళ్ళు. గ్లాసులు కడగడం నా ఉద్యోగం.

లోపల ఒక చేతుల కుర్చీ ఉండేది. అది ఏఈ గారిది. ఆయన రాకపోయినా ఎవరూ కూర్చునేవారు కాదు, పిల్లి తప్ప. ఆయనకు పింగాణీ కప్పు, కింద సాసరు. ఫోర్‌మన్‌కీ ఫిట్టర్లకీ గోడవార బల్ల, గాజు గ్లాసు. హెల్పర్లు అరుగు మీద. మస్టర్ కూలీలు ఎదురుగా రాళ్ళ మీద. సంత రోజు కొండ దిగి వచ్చేవాళ్ళు చూరు కింద. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బోర్డు రాసి పెట్టిందెవరూ లేదు. కాళ్ళకే తెలిసేది.

పైనుంచి కిందికి అంతా ఒక వరుస. సీఈ, ఎస్‌ఈ, డీఈ, ఏడీఈ, ఏఈ, ఆ తరవాత ఫోర్‌మన్, ఫిట్టర్, హెల్పర్, కూలీ. కాలనీలో క్వార్టరు వాకిలి చూస్తే లోపలివాడి జీతం చెప్పేసేవాణ్ణి. పొద్దున పైన పుట్టిన చిరాకు సాయంత్రం సైరన్ మోగేలోగా ఒక్కో మెట్టూ దిగి నా దాకా వచ్చేది. "పంచదార ఏదిరా?" అని ఫిట్టరు అరిచాడంటే, విశాఖపట్నం నుంచి ఎవరో పెద్దాయన ఫోను చేశాడని అర్థం. ఆ తిట్టు ఎక్కడ బయల్దేరిందో వెనక్కి నడుచుకుంటూ పోయి పట్టుకోవచ్చు. అదీ నా పాయింటు.

మా సీలేరు ఏరూ అంతే, మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒడిశా వైపు దాన్ని మాచ్‌ఖండ్ అంటారు. జలాపుట్‌లో ఆగి, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో చక్రాలు తిప్పి, బలిమెల దగ్గర ఒడిశాకూ మనకూ చెరిసగమై, మన సగం సీలేరుకి వస్తుంది. ఇక్కడ నాలుగు యూనిట్లు, 240 మెగావాట్లు. ఇక్కడ వదిలిన నీళ్ళే డొంకరాయిలో 25, ఆ కింద మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460. పైవాడు వదిలితేనే కిందివాడి చక్రం తిరిగేది. అన్నిటికన్నా కింది మెట్టు మీదే అన్నిటికన్నా ఎక్కువ కరెంటు! ఈ లెక్క నేను ఒకసారి అరుగు మీద కూర్చున్న హెల్పరుకి చెప్తే, "మా సంగతే చెప్తున్నావు బాబాయ్" అన్నాడు. ఆ తరవాత ఆ నీళ్ళు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి అయిపోతాయి. అక్కడ ఏ చుక్క ఎవరిదో ఎవడూ చెప్పలేడు.

వరుసలు మనిషి కనిపెట్టాడని చదువుకున్నవాళ్ళు అంటారు గానీ, మా పెరట్లోకి వచ్చి చూడమనండి. ఏడు పెట్టలున్నాయి. నూకలు చల్లితే ఎర్రపెట్ట తిన్నాకే తక్కినవి. ఎర్రది ఎవర్నయినా పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. చివర్న ఉండే బోడిమెడ దాన్ని అందరూ పొడుస్తారు. నార్వేలో ష్యెల్డెరుప్ ఎబ్బె అని ఒకాయన చిన్నప్పటి నుంచీ ఇంటి కోళ్ళను చూసి చూసి, 1920ల్లో ఈ పొడుపుల వరుస మీదే పెద్ద శాస్త్రం రాశాడట. మా కొట్టుకి వచ్చే సైన్సు మాస్టారు చెప్పారు. వరుస కుదిరిపోయాక కోళ్ళు పెద్దగా కొట్టుకోవు. సంత నుంచి కొత్త పెట్టను తెచ్చి వదిలామా, వారం రోజులు ఈకలే ఈకలు. బదిలీ మీద కొత్త ఆఫీసరు వచ్చిన నెల మా కొట్లో టీ రెట్టింపు అమ్ముడుపోవడం నాకు గుర్తే.

కొండ మీద ఊళ్ళకీ వరుస ఉండేది. ఊరికి నాయుడు, ఆయన పక్కన పెత్తందారు, ముహూర్తం పెట్టడానికి దిసారి, పూజకు పూజారి, కబురు మోయడానికి బారిక. తగువు వస్తే చెట్టు కింద కూర్చుని, చీకటి పడేలోగా తేల్చేవారు. నాయుడి తీర్పు నచ్చకపోతే నాయుడి మొహం మీదే అనొచ్చు. సాయంత్రం జీలుగు చెట్టు కింద ఆకుదొప్ప పట్టుకుని అదే నాయుడి పక్కన కూర్చోవాలి కాబట్టి, ఆయనా కొంచెం చూసుకుని మాట్లాడేవాడు.

ఆ ఊళ్ళ పైన ముఠాదారు. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా. శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టాలి, కొండ మీద అలజడి లేస్తే కిందికి కబురు పెట్టాలి. ఆ అలజడికి పేరు పితూరి. 1879లో రంపలో చిగురు పన్ను మీద పితూరి లేచింది. గీసుకునే కల్లుకు కూడా పన్నా అని తమ పైనున్న మన్సబుదారు మీద ముఠాదార్లే తిరగబడ్డారు. ఆ మంట మన గూడెం కొండల దాకా పాకింది. తరవాత నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించినవాడు గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్. ఆ రోడ్డు కూలీలకు అతను చేసిన అన్యాయం ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. బట్టిపనుకులలో మునసబు పని పోగొట్టుకున్న గంటందొర, తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. తీసుకుపోయిన తుపాకుల లెక్క రాసి, సీతారామరాజు సంతకం పెట్టి మరీ పోయాడని చెప్పుకుంటారు. చూశారా, తిరగబడేవాడికీ ఒక పేరుండేది, ఎవరి మీద తిరగబడ్డాడో వాడికీ ఒక పేరుండేది. ఆ మల్లుదొరే 1952లో ఎంపీ అయి ఢిల్లీలో కూర్చున్నాడు.

ఇప్పుడా మాట ఏమైపోయిందో చూడండి. కొండ మీద పితూరి అంటే పైవాడి మీద తిరగబడటం. ఆఫీసుల్లోకి దిగేసరికి పితూరి అంటే పక్కవాడి మీద పైవాడికి చాడీలు చెప్పడం! ఒక్క ఘాటీ దిగేసరికి మాట నడుం వంగిపోయింది.

పోనీ చాడీ చెప్పుకుందామన్నా ఇప్పుడు ఎవరికి చెప్తాం? మా మనవడు హైదరాబాదులో కంప్యూటర్ల ఆఫీసులో చేరాడు. "మా దగ్గర పైవాడూ కిందవాడూ లేరు తాతా, అందరం ఒకే బల్ల. బాసుని కూడా పేరుపెట్టే పిలుస్తాం. మేమంతా ఒక ఫ్యామిలీ" అన్నాడు. ఫ్యామిలీలో తాతని పేరుపెట్టి పిలుస్తారట్రా అనడిగితే నవ్వాడు. రెండేళ్ళు తిరక్కుండా ఒకరోజు పొద్దున్నే వాడి కంప్యూటరు తెరుచుకోలేదు. ఉద్యోగం లేదని మెయిలు. "ఎవడ్రా తీసేసింది?" అన్నాను. "తెలీదు తాతా, సిస్టంలో వచ్చింది" అన్నాడు. పేరుపెట్టి పిలిచే బాసు ఫోను ఎత్తలేదట. మా ఏఈ గారిని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు గానీ, ఒక కూలీని మస్టర్‌లోంచి తీసేస్తే ఆ సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని ఆ కూలీ పెళ్ళాం నోట్లో మాటలన్నీ పడ్డారు. టీ చల్లారిపోయింది పాపం. మర్నాడు వాడి పేరు మళ్ళీ ఎక్కింది.

నా సంగతి ఇంకా చిత్రం. నాకు రావలసిన చిన్నపాటి డబ్బు ఒకటి ఆగిపోయింది. వేలిముద్ర పడటం లేదట. యాభై ఏళ్ళు బూడిదతో గ్లాసులు తోమిన వేళ్ళు నాయనా, గీతలు ఎక్కడుంటాయి? ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, తడి గుడ్డతో తుడిచి, కొబ్బరి నూనె రాసి, పది వేళ్ళూ పెట్టించాడు కౌంటర్లో కుర్రాడు. "నా చేతిలో ఏటీ లేదు మామా, పైనుంచి అవ్వాల" అన్నాడు. పైన ఎవరు అన్నాను. వేలు పైకి చూపించాడు. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతోంది.

మెట్లు తీసేశామంటారు. 1969లో ముఠాదార్లను తీసేశారు, మంచిదే. 2022లో కొత్త జిల్లా చేసి అల్లూరి పేరు పెట్టి కలెక్టరుని పాడేరు తెచ్చారు, అదీ మంచిదే. కానీ మెట్లు ఎక్కడికీ పోలేదండీ. దీపం తీసేశారంతే. ఇదివరకు ఎక్కేవాడికి మెట్టు కనపడేది, ఇప్పుడు కాలికి తగిలి బొక్కబోర్లా పడ్డాకే తెలుస్తోంది. తేనెపట్టులో రాణి ఈగ కూడా ఎవరికీ ఆర్డర్లు వెయ్యదట. గుడ్లు పెట్టడం ఆమె పని. ఆమెలో పస తగ్గితే పనిచేసే ఈగలే ఇంకో రాణిని పెంచుకుంటాయట. ఈగలకైనా తమ రాణి ఎవరో తెలుసు!

ఇదంతా మొన్న కొట్లో పెద్ద గొంతుతో చెప్తున్నాను. చేతుల కుర్చీలో ఒక కుర్రాడు టీ తాగుతున్నాడు. కొండ మీద ఊరివాడే. వాళ్ళ తాత సంతకి పసుపు మోసుకొచ్చేవాడు. వీడు విశాఖలో డిగ్రీ చదువుతున్నాడు. ఫోనుతో డబ్బులు కొట్టాడు, పది రూపాయలు వచ్చాయని డబ్బా అరిచింది.

"అయితే మామా, మా తాత ఎక్కడ కూర్చునేవాడు?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

చూరు కింద. చూరులో నాలుగు సత్తు గ్లాసులు దోపి ఉండేవి. వాళ్ళే తీసుకుని, తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ దోపాలి. టీ ఎత్తు నుంచి పోసేవాణ్ణి, గ్లాసు చేతికి తగలకుండా. కొట్లో గ్లాసులన్నీ నేనే కడిగేవాణ్ణి, ఆ నాలుగూ తప్ప.

"ఇక్కడే, ఈ బల్ల మీదే" అన్నాను.

వాడు బల్ల వంక చూసి, తల ఊపి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ సత్తు గ్లాసులు అటక మీద ఇంకా ఉన్నాయి. పాత సామానువాడికి వేసేద్దామని మా ఆవిడ ఏళ్ళ తరబడి పోరుతోంది. మొన్న మళ్ళీ అడిగింది. ఉండనీ అన్నాను. ఈసారి ఆ కుర్రాడు వస్తే దింపి చూపించాలి.