కాటన్ దొర బొమ్మ: టీకా తాత్పర్య సహితం

మూలం: "కాటన్ దొర బొమ్మ కాడ ఆపండి, ఆయ్."

అవతారిక: కోనసీమ వైపు పోయే పల్లెవెలుగు బస్సులో, ఒళ్లో అరటిగెల పెట్టుకున్న ఒకావిడ కండక్టరుతో పలికిన వాక్యమిది. బస్సులో ఎవరికీ సందేహం కలగలేదు. సందేహం లేనిచోట దాన్ని పుట్టించి, ఆపైన తీర్చడం వ్యాఖ్యాత వృత్తిధర్మం గనుక పూనుకుంటున్నాం.

ప్రతిపదార్థం: కాటన్ దొర = కాటన్ అను ఇంటిపేరుగల ఇంగ్లీషు పెద్దమనిషి యొక్క; బొమ్మ కాడ = విగ్రహము చెంత; ఆపండి = బస్సును నిలుపుడు; ఆయ్ = దీని సంగతి చివర చూద్దాం.

పాఠాంతరం: "స్టాచ్యూ కాడ" అని కాలేజీ పిల్లల పాఠం. అర్థభేదం లేదు, ఛార్జీలో భేదం అసలే లేదు.

సంశయం: కాటన్ అనేది ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో ఘనులు అనేకులు. ఆవిడ దిగవలసింది ఎవరి బొమ్మ దగ్గర? పలు అర్థాలున్న మాటకు ఏ అర్థం తీసుకోవాలో చోటును బట్టి, కాలాన్ని బట్టి, పక్కనున్న మాటను బట్టి తేల్చుకోమన్నాడు భర్తృహరి. ఆయన బస్సెక్కి ఉండడు గాని సూత్రం పనికొస్తుంది.

పూర్వపక్షం: సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) ఏల కారాదు? పాత రాతప్రతులు పోగేసిన మహానుభావుడు. బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలు నిలిపి, ఏ పుస్తకం ఏ చక్రవర్తి కింద ఏ అరలో ఉందో దాన్నే గుర్తుగా పెట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్ల పురాతన వీరకావ్యం 'బేవుల్ఫ్'కు మిగిలిన ఒకే ఒక్క ప్రతి విటెలియస్ చక్రవర్తి బీరువాలోది. 1731లో భవనం అంటుకుంటే అంచులు కాలి బయటపడింది. బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ దాని చిరునామా విటెలియస్ పేరు మీదే. కాబట్టి కాటనూ, బొమ్మా కలిసి వినబడితే ఈయనే.

సమాధానం: బొమ్మలు చక్రవర్తులవి, కాటన్‌వి కావు. షష్ఠీ విభక్తి చెడుతుంది.

మరో వాది: మన జిల్లాల్లో కాటన్ దొర బొమ్మ కొన్నిచోట్ల గుర్రమెక్కి ఉంటుంది. గుర్రమే ఆనవాలనుకుంటే ఇంగ్లండులో చెస్టర్ కోట ముందు గుర్రం మీదున్నవాడూ కాటనే: స్టేపుల్టన్ కాటన్, కాంబర్‌మియర్ ప్రభువు, 1826లో భరత్‌పూర్ కోట పట్టిన సేనాని. మనం సిద్ధాంతం చేయబోయేవాడికి పెదతండ్రి కొడుకు కూడా. వాదం బలంగానే ఉంది. అయితే ఆ బస్సు చెస్టర్ మీదుగా పోదు.

నీటి సంబంధం చెబుదామా అంటే అక్కడా చిక్కే. ఛార్లెస్ కాటన్ అనే కవి చేపలు పట్టే విద్య మీద 1676లో పుస్తకం రాశాడు. నది ఒడ్డున అందుకోసమే ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. గోదావరి జిల్లావారికి ఈయన మీద సహజంగా గౌరవం కలగాలి, పులస సంగతి ఎరుగడు గాని. ఇక జార్జి కాటన్ కలకత్తా బిషప్పు. సిమ్లాలో, బెంగళూరులో ఆయన పేరిట బడులున్నాయి. 1866లో బెంగాల్‌లోని కుష్టియా దగ్గర స్టీమరెక్కబోతూ పలక మీద నుంచి జారి నదిలో పడ్డాడు. శవం దొరకలేదు. ఒక కాటన్‌ను నది మింగింది, ఇంకొక కాటన్ నదికి అడ్డం నిలిచాడు. నదీ సంబంధం ఒక్కటే చాలదని దీనివల్ల తేలుతోంది. గోల్ఫ్ ఆటగాడు హెన్రీ కాటన్ బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు గెలిచాడు. ఆయనకూ బస్సుకూ ఏ సంబంధమూ లేదు.

గట్టి ప్రతివాది ఇంకో హెన్రీ. హెన్రీ కాటన్ 1845లో కుంభకోణంలో పుట్టాడు, అంటే మనం సిద్ధాంతం చేయబోయే ఆర్థర్ కాటన్ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన తొమ్మిదేళ్లకు, ఆ కావేరి డెల్టాలోనే. అస్సాం చీఫ్ కమిషనరై తేయాకు కూలీల జీతాల కోసం తోటల యజమానులతో తగువు పెట్టుకున్నాడు. 1904 బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. గౌహతిలో 1901లో ఆయన పెట్టిన కాలేజీ ఇప్పుడు కాటన్ యూనివర్సిటీ. అక్కడ రిక్షా ఎక్కి ఉత్తినే "కాటన్" అంటే ఈయన పేరున్న చోటే దింపుతారు. దేశాన్ని బట్టి అర్థం మారుతుందన్న మాటకు ఇంతకన్నా దృష్టాంతం దొరకదు.

సిద్ధాంతం: సర్ ఆర్థర్ కాటన్ (1803–1899). 'రామలక్ష్మణులు' అన్నప్పుడు లక్ష్మణుడి తోడువల్ల రాముడు పరశురాముడు కాడని తెలుస్తుంది. అలాగే ఈ కాటన్ పక్కన గోదావరివాసులు వీణెం వీరన్న పేరు తలుస్తారు. కూలీలను పోగుచేసి పని నడిపించిన మనిషి ఆయన. 1832–33 కరువులో ఆకలి చూసిన నేల ఇది. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నడుమ లంకలను కలుపుకుంటూ ఆనకట్ట లేచింది. 1982లో దాని చోట కొత్త బ్యారేజీ వచ్చినా పేరు మాత్రం ఈయనదే.

'దొర' శబ్దం మీద విశేషం: ఇక్కడ భగీరథుడని శ్లోకం చెప్పించుకున్న ఈ దొర లండన్‌లో మాత్రం సాక్షి. రైళ్లకన్నా కాలువలే మేలన్న తన పాత వాదాన్ని 1878లో పార్లమెంటు కమిటీ ముందు మళ్లీ వినిపించుకోవలసి వచ్చింది. కమిటీ రైలు పక్షమే వహించింది. ఆయన కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర రాసింది. అంతకన్నా డార్విన్ చివరి రోజుల్లో భక్తుడయ్యాడన్న కథ చెప్పి ఎక్కువ పేరు తెచ్చుకుంది. డార్విన్ పిల్లలు అది అబద్ధమన్నారు. తండ్రి కట్టినదానికున్న పునాది కూతురి కథకు లేదు.

తాత్పర్యం: ఆర్థర్ కాటన్ విగ్రహం వద్ద నన్ను దించుము.

ఆయ్: అవ్యయం. సంబోధన, అంగీకారం, వినయం, కొంచెం గదమాయింపు, అన్నీ ఇందులోనే. దీన్ని ముందే పట్టుకుని ఉంటే పై వాదాలేవీ అక్కరలేకపోయేవి. గౌహతిలో గాని సిమ్లాలో గాని కాటన్ పక్కన ఈ మాట వినబడదు. అయితే చెస్టర్‌లో చదువుకునే అమలాపురం కుర్రాడొకడు అక్కడి బస్సులో ఇదే వాక్యం ఇలాగే పలికితే? గుర్రమూ ఉంది, కాటనూ ఉన్నాడు, ఆయ్ కూడా ఉంది. దానికి వేరే టీక రాయాలి.