ఏనుగులకు నూనె తలంటు

ప్రాచీన నాగరికతలు ఎందుకు కూలాయన్న ప్రశ్నకు నిజామాబాద్ జిల్లాలో మాక్లూర్ మొదలు బోధన్ దాకా ఇప్పుడు ప్రతి ఫోనులోనూ జవాబు సిద్ధంగా ఉంది. నిమిషన్నర రీలు, వెనక డప్పుల మోత, చివర ఒకటే కారణం: శత్రువులొచ్చారు, కూల్చారు. శత్రువు దొరకని చోట శాపం. వానలు తగ్గి హరప్పా నగరాలు ఖాళీ అయ్యాయని, కాలువ నీళ్లకు పొలాలు ఉప్పుదేలి సుమేరు రైతులు గోధుమ మాని బార్లీకి దిగారని పండితులు చెప్పేది రీలుకు పనికిరాదు. అందులో విలన్ లేడు మరి.

రీళ్లలో బోధన్ గొప్పతనం అశ్మకంతో మొదలవుతుంది. పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అదొక్కటే. దాని రాజధాని పోదన నేటి బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. అశ్మకం ఎలా పోయిందో చెప్పే ఆధారాలు బహు తక్కువ. రీలుకు ఆ బాధ లేదు.

అసలు పండగ ఏనుగులతో. వేములవాడ చాళుక్యుల తొలితరం రాజు యుద్ధమల్లుడు పోదనలో నూనె నింపిన బావిలో ఏనుగులకు స్నానం చేయించాడని పర్భణి తామ్రశాసనం చెబుతుంది. ఆ శాసనం క్రీ.శ. 966 నాటిది. అంటే ఏనుగులు ఒళ్లు తుడుచుకుని సుమారు రెండు వందల ఏళ్లయ్యాక, అదే వంశంలోని మూడో అరికేసరి కాలంలో చెక్కిన పొగడ్త.

అయినా రీలు రీలుకూ ఏనుగులు పెరుగుతున్నాయి, బావి లోతవుతోంది. నువ్వుల నూనెనా ఆముదమా అన్న చర్చ ఒకటి. నేటి ధరల్లో ఎన్ని కోట్లన్న లెక్క ఒకటి. ఒంటికి పట్టించిన నూనెను ఏ సున్నిపిండితో వదిలించారో మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఆ నూనె ఆకాశం నుంచి కారలేదు. ఎవడో నువ్వులు పండించాడు, ఎవడో గానుగ తిప్పాడు, వాళ్ల దగ్గర్నుంచి ఎవడో పన్ను పేరుతో లాక్కున్నాడు. రైతు కష్టాన్ని ఏనుగు వీపు మీద పోసి దాన్ని వైభవం అనడం సిగ్గుమాలిన పని. సమాజం తన సంక్లిష్టతను నిలబెట్టుకోవడానికి పెట్టే ఖర్చు పెరిగి, దానివల్ల ఒరిగేది తగ్గినప్పుడు పతనం మొదలవుతుందని మానవ శాస్త్రవేత్త జోసెఫ్ టైంటర్ 1988లోనే ఒక పుస్తకం రాశాడు. అందులోనూ విలన్ లేడు.

పతనం చూడటానికి బోధన్‌లో తవ్వకాలు కూడా అక్కర్లేదు. శక్కర్‌నగర్ ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటి మీద చెరుకు పెరిగింది, ఆ చెరుకు మీద 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు. తర్వాత నిజాంసాగర్‌లో పూడిక చేరింది. 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం ఇప్పుడు 17.8 టీఎంసీల లెక్కకు వచ్చింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్లను హైదరాబాద్ నల్లాలకు మళ్లించారు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు అమ్మారు. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు గేటుకు అంటించారు.

ఇందులో ఏ దండయాత్రా లేదు. పూడిక, మళ్లిన నీరు, సంతకాలు, అంతే. తెరిపిస్తామన్న హామీ ఎన్నికల ముందు వస్తుంది, కమిటీ ఎన్నికల తర్వాత వస్తుంది, క్రషింగ్ రాదు. చెరుకు పొలాలు చాలావరకు వరికీ సోయాకూ మారాయి. చెరుకు వదలని రైతు లారీ కిరాయి భరించి దూరపు మిల్లులకు తోలుకుంటున్నాడు.