పంచమి టిక్కెట్టు

విజయవాడ సత్యనారాయణపురంలో పుష్యమాసం వస్తే సాయంత్రాలు పాటకే పోతాయి. 1847లో పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి తిరువయ్యారులో దేహం చాలించారు. ఆ తిథికి మా పేటలో ఎక్కడో ఒకచోట పంచరత్నాలు వినపడాల్సిందే. త్యాగరాజు దగ్గర మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నేర్చుకున్నారు. పంతులుగారు విజయవాడలో ఉండి పాఠం చెప్పారు. కావేరి ఒడ్డున పుట్టిన పాట నాలుగో తరానికే విజయవాడలో కృష్ణ ఒడ్డుకు చేరిందన్నమాట. ఆ పంతులుగారు జరిపించిన ఆరాధనోత్సవంలోనే మంగళంపల్లి మురళీకృష్ణ అనే పసివాడు కచేరీ చేస్తే, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురిసిపోయి అతని పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో పాట వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

నేను చెప్పబోయేది ఆ పాత ఉత్సవం గురించి కాదు. అదే పంచమికి మొదలై ఐదు రోజులు సాగే మరొకదాని గురించి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. స్కూలు ఆవరణలో షామియానా, వెనక ఇనప కుర్చీలు, ముందు జంపఖానాలు. ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు, అంతే. వర్ణం మొదలయ్యేసరికి సంగీత కళాశాల పిల్లలు నోటుపుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని వేదికకు ఆనుకుని చేరేవాళ్ళు. ఆటో ఓ పక్కన ఆపి తని ఆవర్తనం అయ్యేదాకా నిలబడి వినిపోయే మనిషి ఒకడుండేవాడు. రాగం పేరు అతనికి తెలుసో లేదో నాకు తెలియదు గాని, ముక్తాయింపు ఎక్కడ పడుతుందో మాత్రం అతని తల ముందే చెప్పేది. గుడి ముందు పూలు కట్టే ఆమె బుట్ట తెచ్చుకుని చివర కూర్చుని, మాల కడుతూనే వినేది. అలాంటి శ్రోతలను పోగుచెయ్యడానికి ఒక ఊరికి రెండు మూడు తరాలు పడుతుంది. వాళ్ళను చెదరగొట్టడానికి ఒక్క సమావేశం చాలు.

ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. ఈ ఏడు ఉత్సవాన్ని ఏసీ హాల్లోకి మార్చాలనీ, టిక్కెట్టు పెట్టాలనీ కమిటీ తీర్మానం. మామూలు సీటు రెండు వందలు, ముందు వరసలు ఐదు వందలు. సంగీత కచేరీ టిక్కెట్టు మనిషికి ఐదు వందలు దాటకపోతే జీఎస్టీ ఉండదు కాబట్టి అక్కడితో ఆపారు. “ఊరికే దొరికితే విలువుండదండీ” అన్నారు ఒకరు. “చెన్నైలో పెద్ద పెద్ద సభలు టిక్కెట్టు పెట్టట్లేదా?” అన్నారు ఇంకొకరు.

పెడుతున్నాయి. డిసెంబరు సీజనులో చెన్నై సభలు సాయంత్రం కచేరీలకు టిక్కెట్లు అమ్ముతాయి. కానీ మధ్యాహ్నం కుర్రవాళ్ళు పాడే కచేరీలకు చాలా సభలు తలుపులు తెరిచే ఉంచుతాయి. డబ్బు లేని శ్రోతకు అక్కడ చోటుంది, పేరు రాని గాయకుడికి అక్కడ శ్రోత ఉన్నాడు. మా తీర్మానంలో ఆ మధ్యాహ్నం లేదు. నేనది అడిగాను. హాలు గంటల లెక్కన అద్దె, కుదరదన్నారు.

కళాకారుడికి డబ్బు ముట్టాలన్న విషయంలో నాకు రెండో మాట లేదు. చెన్నై నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో, మృదంగం ఎవరి కాలూ తగలకుండా కాపాడుకుంటూ వచ్చే మనిషికి సంభావన పెంచడానికే ఈ టిక్కెట్టంటే నేనే గేటు దగ్గర నిలబడి అమ్మేవాణ్ణి. అందుకే ఖర్చుల కాగితం ఇమ్మని అడిగి చదివాను. హాలు అద్దె, వేదిక వెనక ఎల్‌ఈడీ తెర, పూల అలంకరణ, టిక్కెట్లు చూసి లోపలికి వదలడానికి సెక్యూరిటీ మనుషులు. ఇవన్నీ కొత్త పద్దులు. గాత్రానికి, వయొలిన్‌కి, మృదంగానికి, ఘటానికి ఇచ్చేవి మాత్రం పోయినేటి అంకెలే. వాటిని మార్చే ఆలోచన ఉందా అని అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నారు. దాతలకు, అధికారులకు, వాళ్ళ కుటుంబాలకు ఇచ్చే పాసుల జాబితా వేరే కాగితం మీద ఉంది. హాల్లో ముందు సగంలో చాలావరకు ఆ జాబితాకే సరిపోయింది. ఇన్నాళ్ళూ జంపఖానా మీద ముందు కూర్చున్నవాళ్ళు ఇక రెండు వందలిచ్చి వెనక కూర్చోవాలి.

కార్యదర్శిగారు చెడ్డమనిషి కాదు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. షామియానా వాడికి బాకీ పడినప్పుడు సొంత డబ్బు కట్టి ఉత్సవం నడిపిన మనిషి ఆయన. చందా పుస్తకం పట్టుకుని ఎక్కిన గుమ్మం ఎక్కకుండా తిరిగి, వయసు మీదపడి అలిసిపోయారు. ఒకప్పుడు పిలిచి ఇచ్చినవాళ్ళు ఇప్పుడు ఫోనెత్తడం లేదు. టిక్కెట్టు పెడితే ఆ తిరుగుడు తప్పుతుందని ఆయన ఆశ. ఆ అలసట నాకు అర్థమైంది కాబట్టే ఆ రోజు గొంతు పెంచలేకపోయాను.

అయినా ఒక మాట చెప్పాను. బెంగుళూరు నాగరత్నమ్మ కచేరీల్లో సంపాదించినదంతా ధారపోసి తిరువయ్యారులో స్వామి సమాధికి గుడి కట్టించింది. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదంటే ఎదురునిలిచి పోరాడింది. ఇవాళ్టికీ పంచమి నాడు అక్కడికి ఎవరైనా పోవచ్చు, ఇసకలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుని నాట నుంచి శ్రీరాగం దాకా పంచరత్నాలు ఐదూ వినొచ్చు. తంజావూరు రాజు శరభోజి పిలిచినా ఆస్థానానికి పోని మనిషి పేరు మీద మనం గేటు పెడుతున్నామని అన్నాను.

“అది తిరువయ్యారు. ఇది విజయవాడ. ఇక్కడి ఖర్చులు వేరు” అన్నారు. తీర్మానం నెగ్గింది.

పంచమి వచ్చింది. సాయంత్రం హాల్లో మొదటి టిక్కెట్టు కచేరీ. పొద్దున ఉంఛవృత్తి. టిక్కెట్టు పెట్టినా ఉంఛవృత్తి మానాలని ఎవరికీ తోచలేదు. అది లేని ఆరాధన మాకు తెలియదు. త్యాగరాజు రోజూ హరినామం పాడుతూ వీధుల్లో తిరిగి, గృహస్థులు పోసిన బియ్యంతోనే ఇంటిని, శిష్యులను పోషించారు. దానికి గుర్తుగా మేమూ తంబురా, చిడతలు పట్టుకుని పాడుతూ పేటంతా తిరుగుతాం. పాత్ర మోసే మనిషిని ఆ పూటకు స్వామిగానే చూస్తారు. ఇంటివాళ్ళు కాళ్ళు కడిగి, హారతిచ్చి, బియ్యం పోస్తారు. ఆ బియ్యంతోనే మధ్యాహ్నం పులిహోర ప్రసాదం, ఐదు రోజులూ కళాకారుల భోజనం. ఈ ఏడు పాత్ర కార్యదర్శిగారి భుజానికే ఉంది.

చలిగా ఉంది. ముగ్గులు ఇంకా తడి ఆరలేదు. ఎప్పుడూ వాకిట్లోకి వచ్చి నిలబడే ఇళ్ళలో కొన్ని ఈసారి తలుపు తియ్యలేదు. ఒక ఇంట్లోంచి ఒక కుర్రాడు వచ్చి, “టిక్కెట్లు పెట్టారు కదండీ, మళ్ళీ ఇదెందుకు?” అని అడిగి లోపలికి పోయాడు. పాడుతున్నవాళ్ళ గొంతులు కాస్త తగ్గాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

వీధి చివర పెంకుటింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. అప్పడాలు, వడియాలు పెట్టి అమ్ముకుని బతుకుతుంది. ఉగాది నుంచి రోజూ పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. పుష్యమాసానికి అది సంచి అవుతుంది. నా చిన్నతనం నుంచీ ఆ సంచి తప్పలేదు. పెనిమిటి పోయిన ఏడు కూడా మానలేదు. ఉత్సవంలో ప్రతి సాయంత్రం జంపఖానా మీద, వయొలిన్ వైపు, స్తంభానికి చేరగిలబడి వినేది.

మేం పాడుతూ పోయేసరికి గుమ్మంలోనే ఉంది. చెంబుతో నీళ్ళు తెచ్చి కార్యదర్శిగారి కాళ్ళు కడిగింది. హారతి కళ్ళకద్దుకుంది. దోసెడు బియ్యం పాత్రలో పోసి, మిగిలిన సంచిని మా వెంటవచ్చిన పిల్లవాడికి అందించింది. అప్పుడడిగింది.

“నాయనా, ఈ ఏడు టిక్కెట్లు పెట్టారట గదా! పక్కింటి పిల్ల కాగితం చదివి చెప్పింది.”

“అవును పిన్నిగారూ. ఈసారి హాల్లో. కుర్చీలు మెత్తగా ఉంటాయి, దోమలుండవు.”

“రెండొందలట. డబ్బంటే నా దగ్గర లేదు. కొట్టువాడు ఈ సంచి ఎంత తక్కువ కట్టినా రెండొందలకు తగ్గడు. దీనికి నాకో టిక్కెట్టు రాసిస్తావా? మిగిలింది ఉత్సవానికే ఉంచండి.”

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను ఆమె కళ్ళలోకే చూస్తున్నాను. చంటిపిల్లకు ఏం కొనిపెట్టాలో అంగడిలో అడిగినంత మామూలుగా అడిగింది.

కార్యదర్శిగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, చెప్పక తప్పని నియమం చెప్పినట్టు చెప్పారు.

“ఈ బియ్యానికి టిక్కెట్టు ఇవ్వకూడదు పిన్నిగారూ. ఇది ఉంఛవృత్తి. స్వామి పేరున వచ్చినదాన్ని అమ్మకూడదు, పాపం.”

పెద్దావిడ చెంపలు వేసుకుంది. “నిజమే నాయనా, తెలీక అడిగాను” అంది. చెంబు తీసుకుని లోపలికి వెళ్ళబోతూ, సందేహం తీరక, గుమ్మంలో ఆగి మళ్ళీ అడిగింది.

“మరి ఆ టిక్కెట్లు ఎవరి పేరున అమ్ముతున్నారు నాయనా?”