డూడుల్ సంజీవని: సటీకా తాత్పర్యం

అవతారిక

కొండగట్టు అంజన్న దగ్గర కొత్త బండికి పూజ చేయించడం మా జిల్లాల్లో పాత ఆనవాయితీ. ఈ మధ్య బండిలోంచి ఉంగరాల జుట్టు కుక్క కూడా దిగుతోంది. "ఏం కుక్క బావా ఇది?" అని అడిగితే కరీంనగర్ నుంచి వచ్చిన బావ మొహం చిట్లించాడు. "కుక్క అనకు. లాబ్రడూడుల్. ఎఫ్ వన్ బీ" అన్నాడు. ఆ 'బీ' దగ్గర ఆయన గొంతులో పలికిన గాంభీర్యం ఘనపాఠికి కూడా చేతకాదు. ఈ వ్యాఖ్య పుట్టింది అందుకే. మూలమూ నాదే, టీకా నాదే. తప్పు పట్టాలంటే ఇద్దరిని వెతకనక్కర్లేదు.

మూలం

బొచ్చు రాల దనుచు బొంకెడి వర్తకుం
డచ్చమైన కుక్క యంచు నమ్మె;
నెండకాలమందు నేసి లేనింటిలో
కుక్క రొప్పె, పర్సు కొరత నొందె.

టీక

బొచ్చు, ఎండ, పర్సు: ఇవి అందరూ అనుభవించినవే, అర్థం చెప్పం. 'యంచు నమ్మె' దగ్గర మాత్రం నిలవాలి. అంచున్ అమ్మె అని విడదీస్తే వర్తకుడు అమ్మాడు. అంచు నమ్మె అని విడదీస్తే కొన్నవాడు నమ్మాడు. రెండో అర్థానికి కర్త పద్యంలో లేడు, కారులో ఉన్నాడు. అధ్యాహారం చేసుకోవాలి.

ఇక్కడ మల్లినాథసూరిని తలచుకోకపోతే పాపం. కోలాచలం వారి ఊరు మన మెదక్ సీమలోని కొల్చారం. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య సంజీవని. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ పేజీ నిండదు.

సంజీవని పేరు పెట్టుకోవడానికి నాకు స్థలబలం కూడా ఉంది. ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే జారిపడ్డ చరియే కొండగట్టు అని స్థలపురాణం. తప్పిపోయిన పశువును వెతుకుతూ వచ్చి స్వామిని కనుగొన్న కాపరి పేరు సింగం సంజీవుడు. పశువు కోసం గుట్టలు పట్టి తిరిగినవాడికే దేవుడు దొరికాడన్న సంగతి కొందరు గుర్తుపెట్టుకుంటే బాగుండును.

ఇక శ్వాన ప్రశస్తి. ధర్మరాజు వెంట నడిచిన కుక్కను ప్రతి ఉపన్యాసకుడూ చెబుతాడు, వదిలేద్దాం. భారతం చివర ఉన్న కుక్క అందరికీ తెలుసు. మొదట్లో ఉన్న కుక్క ఎవరికీ గుర్తులేదు. ఆదిపర్వంలో జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. సరమ కొడుకు సారమేయుడు అటు వచ్చాడు. రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వాణ్ణి కొట్టారు. వాడు హవిస్సు వంక చూడలేదు, నెయ్యి నాకలేదు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. సరమ అంటే సామాన్యురాలు కాదు, దేవతల కుక్క, ఋగ్వేదంలో దొంగలెత్తుకుపోయిన ఆవుల జాడ తీసిన గడుసుది. నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. ఒక్కరూ నోరు విప్పలేదు. తప్పులేనివాణ్ణి కొట్టారు గనుక మీకు కనబడని భయం వచ్చిపడుతుందని శపించింది. అంత చక్రవర్తీ హడలిపోయి, ఆ శాపానికి శాంతి చేయగల పురోహితుడి కోసం వెతికి వెతికి సోమశ్రవసుణ్ణి పట్టుకున్నాడు. సరమకు సంస్కృతమెలా వచ్చింది, ద్వారపాలకులు ఎలా వదిలారు, నేతిగిన్నె ఎవరి కాపలాలో ఉంది వగైరా చర్చలు చేయవచ్చు కానీ, ఒక్కటి గమనించండి. ఆ సభలో ఎవరూ "మీవాడు ఏ బ్రీడ్?" అని అడగలేదు.

ప్రకృతానికి వద్దాం. లాబ్రడూడుల్ ఎక్కడో ఉండిపోయింది. అందులోని పూడిల్‌తో మొదలుపెడదాం.

వంశానుచరితం

పూడిల్ అంటే సోకుల కుక్క అనుకుంటారు. నిజానికి అది నీళ్లలో దూకి వేటపక్షిని తెచ్చే పనికుక్క. ఈతకు అడ్డురాకుండా ఒళ్లు గొరిగి, చలి తగలకుండా కీళ్ల దగ్గర, రొమ్ము మీద బొచ్చు వదిలేవారు. పని పోయింది, క్షవరం మిగిలింది. ఆ పూడిల్‌ను లాబ్రడార్‌తో కలిపి పేరు తెచ్చినవాడు ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్, 1980ల చివర్లో. హవాయిలో చూపులేని ఒకామెకు దారి చూపే కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్కలు పడవు. మొదటి ఈతలో మూడు పిల్లలు పుట్టాయి. బొచ్చు, లాలాజలం పంపి పరీక్షిస్తే ఒక్కదానికే ఆయన ఒళ్లు దద్దుర్లెక్కలేదు. దాని పేరు సుల్తాన్. ఆ తర్వాత దేశదేశాల్లో పుట్టిన అంగళ్లను చూసి, తాను చేసిన పనికి కాన్రనే బహిరంగంగా చింతించాడు.

ఎఫ్ వన్ అంటే మొదటి తరం సంకరం. బీ అంటే ఆ పిల్లను మళ్లీ పూడిల్‌తో కలపడం. అది డిగ్రీ కాదు బావా.

శంకా సమాధానాలు

శంక: అలర్జీ రాదన్నారే? సమాధానం: తుమ్ము తెప్పించేది కుక్క లాలాజలంలో, మూత్రంలో, రాలే చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే, అలర్జీ ఇవ్వవని పేరుపడ్డ జాతుల వెంట్రుకల్లో అలాంటి ప్రోటీన్ ఇంకా ఎక్కువే కనబడింది.

శంక: బొచ్చు రాలకపోతే సుఖమే కదా? సమాధానం: సుఖం సోఫాది. ఊడిన వెంట్రుక కింద పడక పక్కదానికి చుట్టుకుని జడ కడుతుంది, కింద చర్మానికి గాలాడక పుండవుతుంది. రోజూ మొదళ్లదాకా దువ్వాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించాలి. వేలాడే చెవిలో తడి నిలిస్తే చీము పడుతుంది, స్నానమైనాక తుడిచి ఆరబెట్టాలి. ఆ ఉంగరాల్లో గోమారు దాక్కుంటే కనబడదు, జ్వరం వచ్చాకే తెలుస్తుంది.

మే నెలలో జగిత్యాల ఎండ 45 డిగ్రీలు చూస్తుంది. కుక్కకు పాదాల్లో తప్ప ఒంటికి చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని ఫ్యాను. దాన్ని బాల్కనీలో రేకుల కింద కట్టేసి, మనిషి గదిలో ఏసీ వేసుకుని పడుకుంటే దాన్ని పెంపకం అంటారా? కొన్ననాడు చుట్టూ చేరి ఫొటోలు దిగినవాళ్లు, జడలు కట్టిననాడు "వాసనొస్తుంది" అని గేటు బయట కట్టేస్తున్నారు. సరమ బిడ్డ అయినా ఒక్కసారే దెబ్బలు తిన్నాడు. ఈ మూగజీవానికి ఎండకాలమంతా అదే శిక్ష.

తాత్పర్యం

కుక్కను తప్పుపట్టడం లేదు. అది తెలివైనది, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, నీళ్లంటే ప్రాణం. లోపమంతా 'బీ' పలికిన గొంతులో ఉంది.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు పిల్ల తల్లిదండ్రులను కళ్లారా చూడకుండా, వాటి తుంటి కీళ్ల, కళ్ల పరీక్షల సంగతి అడగకుండా బయానా ఇవ్వకూడదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. బండి పూజకు ఘాట్ రోడ్డు ఎక్కినవారికి అదేం దూరం కాదు. రోజూ దువ్వే తీరిక లేనివారు ఈ కుక్కను కొనవద్దు.