ఠక్కుమనే నా రెండు క్షణాలు

ఫ్లోరెన్స్‌లో సాంతా మరియా నోవెల్లా స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం మొదట్లో తగిలించిన పసుపుపచ్చ డబ్బాని నేను. ఇటాలియన్లు నన్ను ఒబ్లిటెరాత్రీచే అంటారు. నోరు తిరక్కపోతే టికెట్ల మీద ముద్ర కొట్టే మిషను అనుకోండి.

నా పుట్టుక పెద్ద కథేం కాదు. ఒక గడియారం, కాస్త సిరా, టికెట్ దూర్చడానికి ఒక సందు. లోపల పెడితే ఠక్కుమని తేదీ, వేళ, స్టేషన్ పేరు పడతాయి. రెండు క్షణాల పని. ఆ రెండు క్షణాలు నాకివ్వక ఎందరి షికారు ఏడుపుతో మొదలైందో!

ఈ ఊళ్లో ఉఫీజీ మ్యూజియం సోమవారం మూత. అందుకని సోమవారం పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్లు చూసొద్దామని జనం బయల్దేరేవారు. చేతిలో కాగితం: పొద్దున పీసా, మధ్యాహ్నం లూక్కా, సాయంత్రం సియెనా. మొదటి రెండూ సరే. పీసాకి రైల్లో గంట, అక్కణ్ణుంచి లూక్కాకి అరగంట. ఒరిగిన గోపురం చూసి, లూక్కాలో 4 కిలోమీటర్ల పైచిలుకు కోటగోడ మీద సైకిలు తొక్కి, చీకటి పడేలోగా వెనక్కి రావచ్చు. సియెనా మాత్రం ఆ దారిలోది కాదు. దాని రైలు ఎంపోలీ మీదుగా గంటన్నర పడుతుంది. దిగాక చూస్తే స్టేషన్ పల్లంలో, ఊరు కొండమీద. బస్సయితే ఊరి అంచుకే చేరుస్తుంది. నా కడుపు కొట్టేది బస్సే అయినా, ఉన్నమాట చెప్పాలి కదా. సాన్ జిమిన్యానోకైతే రైలే లేదు. పొజ్జిబోన్సీలో దిగి బస్సెక్కాలి. ఒకప్పుడు 72 బురుజులుండేవట ఆ ఊళ్లో, ఇప్పుడు 14.

కాఫీకెన్ని నిమిషాలో కూడా రాసుకున్న ఆ పెద్దమనుషులే నా పక్కనుంచి పరుగెత్తి రైలెక్కేసేవారు. ప్రాంతీయ రైలు టికెట్ మీద ఫలానా రైలని ఉండదు. అప్పట్లో నా ముద్ర లేకపోతే దాన్ని మర్నాడు మళ్లీ వాడుకునే వీలుండేది. టీసీకి అనుమానం రాదూ? బొలోన్యా వెళ్లే వేగం రైలుకి సీటు, వేళ ముందే అచ్చయి ఉంటాయి, నాతో పనిలేదు. చిత్రమేమంటే ఆ టికెట్లే మడతలు పెట్టి మరీ నా నోట్లో కుక్కేవారు.

మీవాళ్లూ వచ్చారొకసారి. "నాన్నా, ఇక్కడేదో పెట్టాలంట," అంది పిల్ల. "డబ్బులు కట్టి కొన్నాం కదమ్మా, ఇంకేం పెడతాం? పద పద," అన్నాడాయన. సాయంత్రం దిగినప్పుడు ఆయన చేతిలో జరిమానా రశీదు ఉంది. నావైపు చూడనైనా లేదు. పిల్ల మాత్రం ఆగి, ఆ పాత టికెట్టే నా నోట్లో పెట్టింది. ఠక్. ఎందుకూ పనికిరాని ముద్ర. అంత శుభ్రంగా మరి దేని మీదా పడలేదు.

తర్వాత నా నోట్లో చాక్లెట్ కాగితాలు పడ్డాయి, బబుల్‌గమ్ పడింది. సిరా పలచబడింది. ముద్ర పడలేదని కొందరు నా నెత్తిన మొట్టేవారు. చివరికెవరో "గ్వాస్తో" అని చీటీ అంటించారు. చెడిపోయిందని అర్థం. అలాంటప్పుడు ప్రయాణికుడు తేదీ, వేళ పెన్నుతో తనే రాసుకుని టీసీకి చెప్పాలి. ఇన్నేళ్ల నా ఉద్యోగం ఒక పెన్ను చేసేసింది!

ఆకుపచ్చా తెలుపూ కలిసిన కొత్తవి వచ్చాయి. నన్ను ఊడదీశారు. వాటి సుఖమూ అంతంతేనట, జనం ఫోన్లలోనే టికెట్లు కొంటున్నారట.

నేనిప్పుడు ఒక సామాన్ల గదిలో ఉన్నాను. గొంతులో సగం టికెట్ ముక్క ఇరుక్కునే ఉంది. లూక్కాకి. తేదీ పడింది, వేళ పడలేదు. మిగతా సగంతో ఆ మనిషి రైలెక్కాడో, పెన్ను కోసం జేబులు వెతుక్కుంటూ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడో.